పిలిస్తేనే పేరు

అత్తయ్య పోయిన మూడో రోజు పొద్దున సొసైటీ సెక్రటరీ ఫోన్ చేశాడు. ద్వారకలో మా సొసైటీలో ఎవరైనా పోతే గేటు పక్కనున్న బోర్డు మీద శోకసభ నోటీసు పెడతారు. "భాభీజీ, ఆంటీజీ కా పూరా నామ్ బతా దీజియే" అన్నాడు.

నేను నోరు తెరిచాను. పేరు రాలేదు. మర్చిపోయి కాదు. ఆస్పత్రి కాగితాల మీద, రైలు టిక్కెట్లలో, పెన్షను అర్జీల్లో ఆ పేరు ఎన్నిసార్లు రాశానో నాకే తెలీదు. పైకి అనడం మాత్రం ఇరవయ్యేళ్ళ కాపురంలో ఒక్కసారీ జరగలేదు. అనొద్దని నాకెవరూ చెప్పలేదు. అవసరం రాలేదనే అనుకుంటూ వచ్చాను. అవసరం వచ్చాక తెలిసింది, నోరు రావడం లేదని. "ఏక్ మినిట్" అని ఫోను మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన చెప్పాడు. అవతల సరిగ్గా వినపడనట్టుంది, ఇంకొంచెం గట్టిగా మళ్ళీ చెప్పాడు.

సోఫాలో కూర్చున్న మా అమ్మాయి తలెత్తింది.

"ఎవరమ్మా అది?"

"ఏది?"

"నాన్న ఇప్పుడు చెప్పిన నేమ్."

"నానమ్మే."

"నానమ్మ పేరు అదా?"

పుట్టినప్పటినుంచీ ఆవిడ గదిలోనే, ఆవిడ పక్కనే పడుకున్న పిల్ల. దానికి ఆవిడ నానమ్మ. మా సొసైటీ మొత్తానికి ఆవిడ 'అలివేలూ కీ దాదీ'. అలివేలు మా అమ్మాయి. ఆ పేరు ఆవిడ తన అత్తగారిది తెచ్చి, మా అందరితో పోట్లాడి పెట్టింది. కిందటి నెలలో అలివేలుకి పద్దెనిమిది నిండాయి. ఆ పేరు మార్చుకోవడానికి అఫిడవిట్ రాయించి సిద్ధంగా పెట్టుకుంది. కోర్టు దగ్గర నోటరీ సంతకం ఒక్కటే మిగిలింది. అంతలో ఆవిడ పోయింది.

అత్తయ్య గురించి చెప్పాలంటే నాకు ఆవిడ పుట్టిన ఊరు, సంవత్సరం గుర్తు రావు. పిలవడమే గుర్తొస్తుంది. 

అమ్మాయి పుట్టినప్పుడు నేనూ మా ఆయనా కలిసి ఒక పేరు అనుకున్నాం. రెండక్షరాలది, ఏ ఆఫీసులోనైనా ఎవరి నోరైనా తిరిగేది. బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయబోతుంటే ఆవిడ వచ్చి పళ్ళెం పక్కన కూర్చుంది.

"అలివేలు" అంది.

"నానమ్మ పేరా?" అన్నాడు మా ఆయన. "అమ్మా, ఇప్పుడెవరు పెట్టుకుంటున్నారా పేరు? సీరియల్లో పనిమనిషికి పెడతారు."

"పెట్టేవాళ్ళు లేరు కాబట్టే పెట్టమంటున్నా."

నేను మధ్యే మార్గం చెప్పాను. బర్త్ సర్టిఫికెట్లో అలివేలు అని రాయిద్దాం, ఇంట్లో చిన్నీ అని పిలుచుకుందాం అన్నాను. మా వైపు అందరూ చేసే పనే అది. పోయిన మామ్మ పేరు మనవరాలికి పెడతారు. పెట్టాక ఆ పిల్ల తల్లి దాన్ని ఆ పేరుతో పిలవడానికి వీల్లేదు, ఎందుకంటే అది అత్తగారి పేరు. అత్తగారి పేరు నోటితో అనకూడదు, అందులోనూ 'ఒసేయ్' అని చేర్చి అనకూడదు. అందుకని బుజ్జి, చిన్ని, అమ్మడు, పాపాయి. అలా పిలిపించుకుంటూనే ముసలివాళ్ళయిపోయిన ఆడవాళ్ళు మా రెండు కుటుంబాల్లోనూ ఉన్నారు. వాళ్ళ అసలు పేర్లు శుభలేఖల్లో ఉంటాయి, తర్వాత చావు కబుర్లలో ఉంటాయి.

చిన్నీ అన్న మాటకి ఆవిడ మొహం గంటు పెట్టుకుంది.

"పెట్టిన పేరు పిలవాలి, వండిన కూర తినాలి. పిలవని పేరు పెట్టడమెందుకు? దాచుకోవడానికా? పిలవనంటే చెప్పండి, మీ రెండక్షరాలదే పెట్టుకోండి. ఈ ఇంట్లో చిన్నీలూ పింకీలూ ఉండటానికి మాత్రం వీల్లేదు."

మా ఆయన నావైపు చూశాడు. అలివేలు మా ఆయన నానమ్మ, నాకు అత్తగారు కాదు. ఆ పేరు అనడానికి నాకు అడ్డేమీ లేదు. అడ్డున్నదల్లా ఆవిడకే. అయినా ఆవిడే ఉంగరం తీసుకుని బియ్యంలో రాసింది. ఆ మధ్యాహ్నం పిల్ల ఏడిస్తే ఉయ్యాల మీదికి వంగి, గొంతు సవరించుకుని, "అలివేలూ" అంది. మళ్ళీ అంది. అలా అంటూనే ఉంది. పిల్ల ఎప్పుడో ఏడుపు మానేసింది.

అత్తగారంటే ఎంత భక్తి అని వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

నాకు పుస్తకాల్లో వెతికే అలవాటుంది. ఆ పేరు ఎక్కడిదో చూశాను. అరవంలో అలర్ అంటే పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే స్త్రీ. పువ్వు మీద కూర్చున్నావిడ. తిరుచానూరు అమ్మవారు. ఆ అలర్మేల్‌మంగై తెలుగువాళ్ళ నోళ్ళలో పడి అలమేలుమంగ అయింది, ఇంకా అరిగి అలివేలు అయింది. తెలుగులోనూ అలరు అంటే పువ్వే. చెబితే ఆవిడ విని, "పువ్వు మీద కూచుంటే పువ్వు నలిగిపోదూ?" అంది. అంతకుమించి ఆసక్తి చూపించలేదు. ఆవిడ దగ్గర వేరే చరిత్ర ఉంది. ఏలూరులో ఆవిడ చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర నిలబడి 'అలివేలూ' అంటే ముగ్గురు తిరిగి చూసేవారట. పొడుగు అలివేలు, మేడింటి అలివేలు, నత్తి అలివేలు. తిరుపతి మొక్కుకుని కన్న ప్రతి ఇంట్లో ఒక అలివేలో, మంగో ఉండేదట. వాళ్ళ కూతుళ్ళు లతలూ, సునీతలూ అయ్యారు. ఆ కూతుళ్ళ కూతుళ్ళ పేర్లు తనకి నోరు తిరగవు అనేది. "దేశం మీద ఇన్నిన్ని పేర్లున్నాయి, పాపం దీన్ని మాత్రం పనిమనిషికి వదిలేశారు. పనిమనిషికుంటే మాత్రం తక్కువా? అదీ అడుగు మీ ఆయన్ని."

పిల్ల నడక నేర్చాక ఇంట్లో ఆ పేరు మోగడం మొదలైంది. మా బాల్కనీ మూడో అంతస్తులో. ఆవిడ రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, కింద పార్కులోకి అరిచేది. "అ-లి-వే-లూ!" చివరక్షరం గేటు దాకా వెళ్ళేది. గేటు దగ్గరి బీహారీ గార్డు ఉయ్యాల వైపు తిరిగి, "అలివేలూ బిటియా, దాదీ బులా రహీ హై" అనేవాడు. మామూలుగా పిలిస్తే సరిపోయే చోట కూడా ఆవిడ అరిచేది. తిట్టేటప్పుడైతే మరీ ఇష్టంగా తిట్టేది.

"ఒసేయ్ అలివేలూ, నీ మొహం మండా, చెప్పులతో వంటింట్లోకొస్తావా? బుద్ధుందా అలివేలూ నీకు?"

అని నడుము మీద చెయ్యేసుకుని, గోడ మీదున్న తన అత్తగారి ఫోటో వైపు ఒక్క క్షణం చూసేది. పెదవులు బిగబట్టుకునేది, కానీ నవ్వు ఆగేది కాదు.

ఒకరోజు మా ఆయన అడిగేశాడు. "అమ్మా, నిజం చెప్పు. నువ్వు తిడుతున్నది పిల్లనా, నానమ్మనా?"

"ఇద్దర్నీ" అంది.

ఆ కోపం సంగతి తర్వాత నాకు చెప్పింది. చలికాలం, ఇద్దరం బాల్కనీలో ఎండకి కూర్చుని పచ్చి బఠానీలు ఒలుస్తున్నాం. మా మావగారు సైన్యంలో ఉండగా వాళ్ళు ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళు. ఆయన ఎక్కడో సరిహద్దులో ఉన్నప్పుడు అత్తగారికి జ్వరం వచ్చింది. ఈవిడ కొత్త కోడలు, వచ్చిన హిందీ అంతంతమాత్రం. ఆటోలో పెద్దావిడని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"కౌంటర్లో వాడు 'మరీజ్ కా నామ్' అన్నాడు, రోగి పేరు చెప్పమని. నేను 'మేరీ సాస్', మా అత్తగారు, అన్నా. 'నామ్, నామ్' అన్నాడు. పక్కనే నిలబడి ఉందావిడ, ఎలా అంటాను? 'తిరుపతి భగవాన్ కీ పత్నీ' అన్నా. వాడు కాసేపు ఆలోచించుకుని రాసుకున్నాడు. హమ్మయ్య అనుకున్నా. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో వచ్చి 'లక్ష్మీదేవీ, లక్ష్మీదేవీ' అని అరుస్తున్నారు. పాపం ఎవరో లక్ష్మీదేవట, పిలుస్తుంటే పలకదేమిటీ అనుకున్నా నేను. మా అత్తగారు కూడా 'ఎవత్తే అది, చెవుడా?' అంది."

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది, చేతిలో కాయ ఒలుస్తూనే.

"డాక్టరు లేచి వెళ్ళిపోయాడు. ఇంటికి తిరిగొచ్చేశాం. ఆ జ్వరం ముదిరి ఆవిడ చాలా రోజులు మంచం దిగలేదు. ఒక రాత్రి పోతుందనే అనుకున్నా. బతికింది కాబట్టి నవ్వుతూ చెబుతున్నా నీకు. లేచి కూర్చున్నాక ఆవిడ అన్న మొదటి మాటేమిటో తెలుసా? 'నా పేరు చెప్పడానికి నీ నోరు పడిపోయిందా?' అని."

"చెబితే ఊరుకునేవారా?"

"ఎందుకూరుకుంటుంది? అప్పుడూ తిట్టేది." గింజలు పళ్ళెంలోకి దులిపింది. "అప్పుడనుకున్నా అమ్మాయ్. ఎప్పటికైనా ఈ పేరు నేను నోరారా అరవాలి. వీధి అవతలికి వినపడాలి. ఆవిడుండగా కుదర్లేదు."

కాసేపయ్యాక నేను, "మీ పేరెవరిది అత్తయ్యా?" అని అడిగాను.

"మా నానమ్మది. మా అమ్మకి అత్తగారి పేరు కదా, అందుకని మా అమ్మ నన్నా పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. చచ్చేదాకా అమ్మడూ అంది. మా నాన్న పిలిచేవాడు. పెళ్ళయ్యాక మీ మావయ్యకి నేను 'ఇదిగో'ని. మీ ఆయనకి అమ్మని, నీకు అత్తయ్యని, ఇక్కడందరికీ ఆంటీని. మా నాన్న పోయాక ఆ పేరు వాడుకలో లేదు." ఆ మాటలో బాధేమీ వినిపించలేదు నాకు. ఎండ జరిగిందని పళ్ళెం తీసుకుని ఆవిడా జరిగింది.

పిల్లని స్కూల్లో వేశాక టీచరు ఆ పేరు పలకలేక ఆల్వీ అని పిలవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి పిల్ల చెప్పింది. మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెడతానంటే వద్దంది ఆవిడ. ఇస్త్రీ చీర కట్టుకుని తనే వెళ్ళింది. తిరిగొచ్చాక మనవరాలు నాకు ఆ సీను మొత్తం చేసి చూపించింది.

టీచరు, "ఆంటీజీ, బచ్చోఁ కే లియే థోడా ముష్కిల్ హై నా" అందట, పిల్లలకి కొంచెం కష్టమని.

"అచ్ఛా. తుమ్హారా నామ్ క్యా, బేటా?"

"హర్‌ప్రీత్."

"బహుత్ ముష్కిల్. హమ్ తుమ్‌కో హరీ బోలేఁ?"

టీచరు నవ్వేసిందట. ఆవిడ మాత్రం నవ్వకుండా అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుని, "బోలో. అ. లి. వే. లు" అందట. టీచరు అంది. క్లాసు క్లాసంతా అంది. ఆవిడ "ఠీక్ హై" అని లేచి, వాళ్ళందరికీ నమస్తే పెట్టి వచ్చేసిందట.

పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం అలా గడిచింది. తొమ్మిదో తరగతికి వచ్చాక మగపిల్లలు 'అలీ భాయ్' అనడం మొదలుపెట్టారు. కొత్త పరిచయాల్లో ప్రతివాళ్ళకీ మూడుసార్లు చెప్పాలి, ఆ తర్వాత అర్థం చెప్పాలి, ఆ తర్వాత 'ఓ, సౌత్ ఇండియన్' అనిపించుకోవాలి. అలివేలు ఇంట్లో ఏమీ అనేది కాదు. బయట మాత్రం వేరే పేరు వాడుకుంటోందని మాకు సాకేత్‌లో తెలిసింది.

ఆ రోజు మాల్‌కి ముగ్గురం వెళ్ళాం. కాఫీ తెస్తానని పిల్ల కౌంటరు దగ్గరకి వెళ్ళి చెప్పి వచ్చి కూర్చుంది. కాసేపటికి ఆ కుర్రాడు "మైరా! ఫర్ మైరా!" అని పిలిచాడు. అలివేలు లేచింది.

"ఎవరే ఆ మైరా?" అంది అత్తయ్య. "ఎవరినో పిలుస్తుంటే నువ్వెందుకు లేచావ్?"

పిల్ల మొహం ఎర్రబడింది. "నానమ్మా ప్లీజ్. ఈజీగా ఉంటుందని చెప్పా. సబ్ కర్తే హైఁ, అందరూ."

"ఎన్నాళ్ళనించి?"

పిల్ల వెళ్ళి కాఫీలు తెచ్చి పెట్టి కూర్చుని, ఒకేసారి అనేసింది. "ఎయిటీన్ అయ్యాక లీగల్‌గా మార్చుకుంటా. యూ నెవర్ ఆస్క్‌డ్ మీ. మీ అత్తగారి మీద కోపం ఉంటే నా మీద ఎందుకు పెట్టావ్ ఆ నేమ్?"

ఆ ఆస్పత్రి కథ నేనే దానికి చెప్పాను, నవ్వుకుంటుందని. అది నవ్వుకోలేదు. అత్తయ్య కాఫీ మొత్తం తాగింది. మెట్రోలో ద్వారక దాకా పెద్దవాళ్ళ సీటిచ్చినా కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడింది. నాకు భయమేసింది. ఆ పేరు మనవరాలు తీసేస్తే ఆవిడకి మిగిలేదేమిటి? 

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది. "మార్చుకో. నిన్నడగలేదు, నిజమే. ఉయ్యాల్లో ఉన్నదాన్ని ఎలా అడుగుతారు? పద్దెనిమిది నిండగానే మార్చుకో, మీ నాన్న అడ్డొస్తే నేను మాట్లాడతా. నేను మాత్రం అలివేలూ అనే అరుస్తా. పలుకుతావో పలకవో నీ ఇష్టం."

మర్నాడు పొద్దున ఎప్పటికన్నా గట్టిగా అరిచింది. పిల్ల కొంచెం ఆలస్యంగా పలికింది. అలా మూడేళ్ళు నడిచింది. ఒకరు అరవడం మానలేదు, ఒకరు అఫిడవిట్ సంగతి మర్చిపోలేదు. ఇద్దరూ ఒకే మంచం మీద పడుకునేవారు. పిల్ల పరీక్షలకి చదువుకుంటుంటే ఆవిడ పక్కన మేలుకుని కూర్చునేది. నిమోనియాతో ఆస్పత్రిలో చేర్చినప్పుడు కూడా ఆక్సిజన్ మాస్కు తీసేసి, "అలివేలూ, కాలేజీకి పోలేదేం?" అని గద్దించింది. గొంతు పెగల్లేదు. పక్క బెడ్డు దాకా కూడా వెళ్ళలేదా పిలుపు. పిల్ల మాత్రం అప్పటికప్పుడు "ఆఁ నానమ్మా" అంది.

శోకసభ అయిన సాయంత్రం అలివేలు అఫిడవిట్ ఫైలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను ముందే అన్నాను. "మార్చుకోవచ్చే. ఆవిడే ఒప్పుకుంది. పోయారని మానక్కర్లేదు."

"మానట్లేదు. మార్చుకుంటున్నా. మైరా తీసేసి మళ్ళీ టైప్ చేయించా." కాగితం నా ముందు పెట్టింది. పాత పేరు గడిలో అలివేలు అని ఉంది. కొత్త పేరు గడిలో అలివేలు, దాని తర్వాత అత్తయ్య పేరు.

"చాలా పొడుగైపోయింది" అన్నాను.

"అయితే?"

"ఉన్న ఒక్కటే మోయలేనని మార్చుకుంటానన్నావుగా."

"అది నేను అడక్కుండా ఇచ్చింది. ఇది నేను తీసుకుంటున్నా. డిఫరెంట్." స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, సెక్రటరీ అంకుల్‌కి చెప్పాలంటే నువ్వు ఫోన్ నాన్నకిచ్చావ్. నేను చూశా. నువ్వు ఇంత చదువుకున్నావ్, ఆఫీస్‌లో అందరినీ పేరుపెట్టి పిలుస్తావ్. నువ్వు కూడా అనలేవా?"

"అలవాటు లేదు."

"చేసుకో. నాన్న ఎలాగూ అంటారు. ఫ్రెండ్స్ అంటారు. నువ్వొక్కదానివే అనకపోతే నానమ్మ వాళ్ళమ్మలా అవుతావ్. అమ్మడూ గిమ్మడూ అంటే నేను పలకను."

పోపు మాడుతోందని స్టవ్ కట్టేశాను. సరే అన్నాను.

అత్తయ్య పేరు ఇక్కడ రాయలేదని మీరు గమనించే ఉంటారు. రాయడానికి నాకే ఇబ్బందీ లేదు, ఎప్పుడూ లేదు. ఎన్నోసార్లు రాశానని చెప్పాను కదా. రాసినందువల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు. 

సోమవారం ఇద్దరం కోర్టుకి బయల్దేరాం. మెట్రో స్టేషన్లో ఆడవాళ్ళ తనిఖీ క్యూలో నాకన్నా నలుగురు ముందుంది అది. తనిఖీ అయిపోయి, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా, ఫోను చూసుకుంటూ ఎస్కలేటరు వైపు నడిచింది. ఫైలు బ్యాగుల బెల్టు మీద నుంచి వచ్చి చివర్న ఆగి ఉంది. వెనకున్నవాళ్ళ బ్యాగులు దాన్ని తోస్తున్నాయి. నేనింకా తనిఖీ తెర దగ్గరే ఉన్నాను. కదలడానికి లేదు. పిల్ల ఎస్కలేటరు మీద కాలు పెట్టబోతోంది.

అలివేలూ అని పిలవొచ్చు. నాకు పద్దెనిమిదేళ్ళ అలవాటు. నేను రెండో పేరు పిలిచాను. మొదటిసారి గొంతులోనే ఉండిపోయింది. పక్కనున్న కానిస్టేబులమ్మాయి నా వైపు అదోలా చూసింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ పిలిచాను. అంత మందిలో, అంత గోలలో, నా అత్తగారి పేరు, ఏకవచనంతో, నా గొంతు ఎంత పలికితే అంత గట్టిగా.

పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఆఁ, ఏంటి?" అంది.

ఆ పేరుకి ఒక మనిషి పలకడం నేను వినడం అదే మొదలు. "ఫైలు మర్చిపోయావే" అన్నాను.